చిలక్కి చెప్పినట్టు చెప్పాక

“మా వాళ్లకు కమ్యూనికేషన్ స్కిల్స్ మీద ఒక సెషన్ తీసుకోండి” అని ఎవరైనా పిలిచినప్పుడు నేను ముందుగా ఒక్కటే అడుగుతాను: ఈ మధ్య మీ దగ్గర రెండోసారి చేయాల్సి వచ్చిన పని ఏదైనా ఉందా? పిలిచినవారు సాధారణంగా వేరే జవాబుతో సిద్ధంగా ఉంటారు. మా వాళ్లు నలుగురిలో నోరు విప్పరండీ, ఇంగ్లీషులో తడబడతారండీ, మీటింగులో తల దించుకుని కూర్చుంటారండీ అని. అవన్నీ విని మళ్లీ నా ప్రశ్న దగ్గరికే వస్తాను. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. అడిగిన రిపోర్టు ఒకటి, చేతికొచ్చింది మరొకటి. కొత్త డ్రాయింగు ఉండగానే పాత డ్రాయింగు ప్రకారం సరుకు తయారైపోయింది. ఫలానా యంత్రాన్ని ఆపి ఉంచమని పగటి షిఫ్టువాళ్లు చెప్పిన మాట రాత్రి షిఫ్టుకు చేరలేదు. వీటిలో ఎక్కడా నోరు లేనివాళ్లు లేరు. చెప్పాల్సినవాళ్లు చెప్పారు, వినాల్సినవాళ్లు తలాడించారు, పని మాత్రం చెడింది.

అందుకే నా సెషన్‌లో అనర్గళంగా మాట్లాడటం నేర్పను. చెప్పిన మాట అవతలివాళ్లకు ఏ రూపంలో చేరిందో తెలుసుకోవడం నేర్పుతాను. ఉత్పత్తి ప్రణాళిక విభాగంలో చాలాకాలం పనిచేసి ఈ పనిలోకి వచ్చినదాన్ని. ఒక విభాగం మాటను మరో విభాగానికి చేర్చడమే అక్కడ నా ఉద్యోగం. మాట దారిలో ఎక్కడెక్కడ మారిపోతుందో అక్కడే కళ్లారా చూశాను.

ఇలాంటి శిక్షణల్లో తరచూ కనిపించే ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది. మన మాటల ప్రభావంలో పదాలది 7 శాతం, గొంతుది 38 శాతం, ముఖ కవళికలది 55 శాతం అని. నేను దాన్ని చూపించను, ఎవరైనా చూపించినా ఒప్పుకోను. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో సహచరులతో కలిసి చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ విన్నవాళ్లకు వినిపించింది విడివిడి పదాలు. ఒకే పదాన్ని ఇష్టంగా, అయిష్టంగా, మామూలుగా పలికించి, పలికినవారి మనసులో ఏముందో ఊహించమన్నారు. మాటకూ గొంతుకూ పొంతన కుదరనప్పుడు భావాన్ని దేన్నిబట్టి పోల్చుకుంటాం అన్నదే అక్కడి ప్రశ్న. దాన్ని పట్టుకొచ్చి, మాటల విలువ 7 శాతమేనని ఉద్యోగులకు చెప్పడం అన్యాయం. బేరింగు సైజు ఎంతో, సరుకు ఏ తేదీకి పంపాలో ముఖ కవళికలతో చెప్పి చూడమనండి.

సెషన్ మొదలవగానే పేర్లు, ఎవరు ఏ పని చేస్తారన్నది చెప్పించుకుంటాను. ఇది మర్యాద కోసం పెట్టుకున్న తంతు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, కత్తి పెట్టేముందు గదిలో ఉన్న అందరూ పేరు, బాధ్యత చెప్పుకోవాలన్న అంశం ఉంది. ఒకసారి నోరు తెరిచి తన పేరు చెప్పిన మనిషికి, తర్వాత “ఆగండి, ఏదో తేడాగా ఉంది” అనడం కాస్త సులువవుతుంది. నా సెషన్‌లోనూ అంతే. మొదటి పది నిమిషాల్లో ఒక్క మాటైనా మాట్లాడనివాళ్లు, సాయంత్రం దాకా మాట్లాడకుండానే వెళ్లిపోతారు.

తర్వాత బొమ్మల ఆట. దీనికి చాలా సమయం ఇస్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. హెరాల్డ్ లీవిట్, రోనాల్డ్ ముల్లర్ అనే పరిశోధకులు 1951లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఒకరి చేతిలో కొన్ని దీర్ఘచతురస్రాలు ఒకదానికొకటి తగులుతూ ఉన్న బొమ్మ ఉంటుంది. ఆ మనిషి మిగతావాళ్లకు వీపు చూపించి నిలబడి, బొమ్మను మాటల్లో వర్ణించాలి. వినేవాళ్లు గీయాలి. మొదటి విడతలో ప్రశ్నలు అడగకూడదు. రెండో విడతలో మరో బొమ్మ, ఈసారి ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు.

ఒకసారి జరిగింది చెబుతాను. వర్ణించడానికి క్వాలిటీ విభాగం కుర్రవాడొకరు ముందుకొచ్చాడు. మాట స్పష్టంగా ఉంది, భయం లేదు. “మొదటి పెట్టె కాగితం పైభాగంలో, కొంచెం ఏటవాలుగా” అన్నాడు. పెన్సిళ్లు కదిలాయి, ఆగిపోయాయి. ఏటవాలు కుడికా, ఎడమకా? అడగడానికి వీల్లేదు. సగంమంది ఒకవైపు వంచారు, సగంమంది రెండోవైపు. ఒకాయన వంచకుండా నిటారుగా గీసి, పక్కావిడ కాగితంలోకి తొంగి చూసి, చెరిపేసి మళ్లీ గీశాడు. ఆవిడ గీసింది కూడా తప్పే. కుర్రవాడికి వెనక ఏం జరుగుతోందో కనిపించదు కానీ, గదిలో అలికిడి మాత్రం వినిపిస్తోంది. దాంతో ఏం చేశాడంటే, అదే వాక్యాన్ని మళ్లీ అవే మాటల్లో, ఇంకాస్త గట్టిగా చెప్పాడు. “కొంచెం! ఏటవాలుగా!” ఇది దాదాపు ప్రతి బృందంలోనూ చూస్తాను. అవతలివాళ్లకు అందలేదని అనుమానం రాగానే మనం మాట మార్చం, గొంతు పెంచుతాం.

కాగితాలు బల్లమీద పరిచి అసలు బొమ్మ పక్కన పెట్టినప్పుడు అతని ముఖం చూడాలి. “నేను సరిగ్గానే చెప్పాను కదండీ” అన్నాడు. నిజమే, తన చేతిలో ఉన్న బొమ్మ ప్రకారం అతను అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆ మాటనే నేను పట్టుకుంటాను. “చిలక్కి చెప్పినట్టు చెప్పాను, అయినా వాళ్లకు ఎక్కలేదు” అని ఆఫీసుల్లో ఎంతమంది అంటారో, ఆ నిమిషంలో వాళ్లందరికీ తమ బొమ్మ తామే చూసుకుంటున్న సంగతి తెలిసొస్తుంది.

రెండో విడతలో గది రూపే మారిపోతుంది. స్టోర్స్ చూసే ఒకావిడ, అప్పటిదాకా పెద్దగా మాట్లాడనావిడ, “మూల వెళ్లి మూలకు తగులుతోందా, అంచు మధ్యలో తగులుతోందా?” అని అడిగింది. అంతే, గదిలో సగం తప్పులు ఆ ఒక్క ప్రశ్నతో సర్దుకున్నాయి. అయితే ఇక్కడే గమనించాల్సిన విషయం ఒకటుంది. మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న వచ్చేసరికి వర్ణించేవారికి చిరాకు మొదలవుతుంది. తమ చెప్పడాన్ని తప్పుపడుతున్నట్టు అనిపిస్తుంది. లీవిట్ కూడా ఇదే గమనించాడు: ప్రశ్నలకు చోటిచ్చిన పద్ధతిలో బొమ్మలు సరిగ్గా వస్తాయి, గీసినవాళ్లకు తమ మీద నమ్మకమూ పెరుగుతుంది, కానీ సమయం ఎక్కువ పడుతుంది, చెప్పేవాడికి మాత్రం దాడి జరిగినట్టు ఉంటుంది. అధికారులకు ఒకవైపు చెప్పి ముగించే పద్ధతి ఎందుకంత ఇష్టమో ఇక్కడ తెలుస్తుంది. అది చెప్పేవారికి హాయి.

“అంత సమయం ఎక్కడుందండీ మాకు?” అని ఎవరో ఒక మేనేజర్ తప్పకుండా అంటారు. అప్పుడు సెషన్‌కు ముందు నేను అడిగి తెలుసుకున్న ఆ రెండోసారి చేసిన పనులను బోర్డు మీద రాయిస్తాను. ఒక్కోదానికి ఎన్ని గంటలు పోయాయో ఆ పని చేసినవాళ్ల చేతే చెప్పిస్తాను. నేను వాదించను, ఆ అంకెలే చాలు.

మనసులో ఉన్నది ఎదుటివారికీ కనిపిస్తోందనుకోవడం ఎంత సహజమో చూపడానికి ఇంకో చిన్న ఆట ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ 1990లో తన పరిశోధనలో చేసింది. ఒకరు అందరికీ తెలిసిన పాటను మనసులో పాడుకుంటూ బల్లమీద వేలితో తాళం వేస్తారు, రెండోవారు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని తాళం వేసినవాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో పోల్చుకున్నవి మూడే. మా గదుల్లోనూ తాళం వేసేవాళ్లు నవ్వుతూ, “ఇది కూడా తెలియదా!” అంటూ ఇంకా జోరుగా వేస్తారు. వాళ్ల తలలో పాట మోగుతోంది, అవతలివాళ్లకు వినిపించేది టకటక చప్పుడే.

ఇక అసలు సాధనకు వస్తాను. పని అప్పగించిన తర్వాత మనందరికీ అలవాటైన ప్రశ్న “అర్థమైందా?” దానికి అలవాటైన జవాబు “అర్థమైంది సార్”. ఈ రెండు వాక్యాల మధ్య ఏ సమాచారమూ చేతులు మారదు. అర్థం కాలేదని నలుగురి ముందు ఎవరు చెబుతారు? పైగా తప్పుగా అర్థం చేసుకున్న మనిషికి తాను తప్పుగా అర్థం చేసుకున్నట్టు తెలియదు కదా, ఆ జవాబు నిజాయతీగానే వస్తుంది. కాబట్టి ప్రశ్నను మార్పిస్తాను. “నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. మీరు ముందు ఏం చేస్తారో ఒకసారి చెప్పండి.” భారం చెప్పినవారి మీద ఉంది, విన్నవారి మీద కాదు. ఇది ఆసుపత్రుల్లో రోగికి మందులు ఎలా వాడాలో చెప్పిన తర్వాత నర్సులు, డాక్టర్లు అనుసరించే పద్ధతే. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి ఊరుకోకుండా, “ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో నాకు చెప్పండి” అంటారు.

ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి దీన్ని చేయిస్తాను. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. వయసులో పెద్దవాళ్లకు బడిపిల్లల్లా పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు అనిపిస్తుంది, చెప్పడానికి మొహమాటపడతారు. అందుకే తిరిగి చెప్పే పాత్రను ముందుగా పెద్దవాళ్లకే ఇస్తాను. విభాగాధిపతి తన కింద పనిచేసే అమ్మాయి చెప్పింది విని, తన మాటల్లో తిరిగి చెబుతాడు. ఆయన తప్పు చెబితే ఆవిడ దిద్దుతుంది. ఒకసారి అది జరిగిందంటే ఇక ఎవరికీ నామోషీ ఉండదు. కింది ఉద్యోగులకు ఇంకో వాక్యం ఇస్తాను: “సార్, నేను రాసుకున్నది ఒకసారి చదువుతాను, వినండి.” దీనిలో తెలివితక్కువతనం బయటపెట్టుకున్నట్టు ఉండదు, శ్రద్ధ కనిపిస్తుంది. ఎంత కోపిష్టి అధికారైనా ఈ మాటకు విసుక్కోవడం నేను చూడలేదు.

ఈ భాగంలో నేను చెప్పే ఉదంతం ఒకటుంది. విని గది నిశ్శబ్దమైపోతుంది కాబట్టి చెప్పను, అందులో ప్రతి వాక్యమూ మనకు పనికొస్తుంది కాబట్టి చెబుతాను. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. రెండు బోయింగ్ 747 విమానాలు ఒకే రన్‌వే మీద ఉన్నాయి. కంట్రోల్ టవర్‌కు రెండూ కనిపించడం లేదు. డచ్ విమానం సహ పైలట్, తాము టేకాఫ్ దగ్గర ఉన్నామన్న అర్థం వచ్చేలా రేడియోలో ఒక వాక్యం అన్నాడు. ఎదురుచూస్తున్నామనా, బయల్దేరుతున్నామనా? రెండు రకాలుగానూ తీసుకోవచ్చు. టవర్ “ఓకే” అంది. ఆ తర్వాత, ఆగండి, నేను పిలుస్తాను అని కూడా అంది. సరిగ్గా ఆ క్షణంలోనే అమెరికా విమానం నుంచి “మేమింకా రన్‌వే మీదే ఉన్నాం” అన్న మాట వచ్చింది. రెండు మాటలు ఒకేసారి కలిసేసరికి డచ్ విమానంలో కీచుమన్న శబ్దం వినిపించింది. స్పష్టంగా చెవినపడింది “ఓకే” ఒక్కటే. విమానం అప్పటికే కదిలింది. లోపలున్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది, ఆ అమెరికా విమానం ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఆ కెప్టెన్ అక్కడ అందరిలోకీ పెద్ద, పేరున్న శిక్షకుడు. ఇంజనీరు మళ్లీ అడగలేదు. 583 మంది చనిపోయారు.

ఆ తర్వాత విమానయానంలో ఏం మారిందన్నది మాకు ముఖ్యం. టేకాఫ్ అన్న మాటను, ఆ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్నారు. ముఖ్యమైన అనుమతికి ఒట్టి “ఓకే” సరిపోదు, విన్నదాన్ని పైలట్ తిరిగి చదవాలి, తిరిగి చదివింది సరిగ్గా ఉందో లేదో కంట్రోలర్ వినాలి. ఇక ఆ ఇంజనీరు ప్రశ్న సంగతి. 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నిర్వహించిన సదస్సు తర్వాత, కెప్టెన్ కాని సిబ్బంది కూడా అనుమానాన్ని స్పష్టంగా చెప్పేలా, కెప్టెన్లు దాన్ని వినేలా పైలట్లకు శిక్షణ మొదలైంది. నైపుణ్యం లేక కాదు, ప్రశ్న మధ్యలో ఆగిపోయినందుకు విమానాలు కూలుతున్నాయని గుర్తించడం పెద్ద అడుగు. మన ఆఫీసుల్లో ప్రాణాలు పోవు, నిజమే. అడిగి ఊరుకున్న ఆ ఇంజనీరు మాత్రం ప్రతి విభాగంలోనూ ఉంటాడు.

రాతపూర్వక సందేశాలకు ఒక గంట కేటాయిస్తాను. వాళ్ల మెయిళ్లనే, పేర్లు తీసేసి, తెచ్చిపెట్టుకుంటాను. ఒకటి చూడండి: “నిన్న మాట్లాడుకున్న విషయం కొంచెం త్వరగా చూడగలరు.” ఏ విషయం? త్వరగా అంటే ఈరోజా, ఈ వారమా? చూడటమంటే చదివి ఊరుకోవాలా, సరిచేయాలా, సంతకం పెట్టాలా? రాసినవారికి ఇందులో ఒక్క సందేహమూ లేదు. దీన్ని తిరగరాయించడానికి నేను వాడే పద్ధతి అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టి, తర్వాత ఆసుపత్రులకు చేరినది. నాలుగు ముక్కలు: ఇప్పుడు ఏం జరుగుతోంది, దాని వెనక సంగతేమిటి, నా అంచనా ఏమిటి, నాకు మీ నుంచి ఏం కావాలి. అర్ధరాత్రి డాక్టరును లేపాల్సిన నర్సుకు ఈ వరస ఎంత ఉపయోగమో ఊహించండి. మొదటి రెండు ముక్కలు ఎవరైనా రాస్తారు. మూడోది, నాలుగోది రాయడానికే చెయ్యి ఆగిపోతుంది. “నా అంచనా” అని రాయడానికి నేనెవరిని అన్న సంకోచం. అక్కడే కూర్చోబెట్టి రాయిస్తాను. పై మెయిల్ చివరికి ఇలా తేలింది: “మూడో లైనులో సీలు సరిగ్గా పడటం లేదు. నిన్న హీటరు మార్చినప్పటి నుంచి ఇలా ఉంది. ఉష్ణోగ్రత అమరిక తప్పిందని నా అంచనా. రేపు ఉదయం పది లోపు మెయింటెనెన్స్‌వారిని పంపండి, అప్పటివరకు ఆ లైను ఆపుతున్నాను.” రాసినతను దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఇలా రాస్తే మా సార్ ఏమైనా అనుకుంటారేమో అన్నాడు. ఆ సార్ రెండు కుర్చీల అవతలే ఉన్నాడు, “ఇలా రాస్తే నాకు సగం ఫోన్లు తగ్గుతాయి” అన్నాడు.

అధికారులు సెషన్‌లో కూర్చోవాలా వద్దా అని అడుగుతుంటారు. కూర్చోవాలి, అయితే మొదటి గంట ఉండి ఫోను మోగగానే లేచిపోయేలా కాదు, చివరిదాకా. వాళ్లు లేని గదిలో నేర్చుకున్నది వాళ్లున్న గదిలో పనిచేయదు. ఏమీ ఎరగనట్టు ఉండే కింది ఉద్యోగి నిజానికి చూసుకునేది ఒక్కటే: చెబితే నాకేమవుతుంది? ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లో పొరపాట్ల లెక్క తక్కువగా కాకుండా ఎక్కువగా కనిపించింది. వాళ్లు పొరపాట్లు ఎక్కువ చేస్తున్నారని కాదు, దాచకుండా చెబుతున్నారని తర్వాత ఆమెకు అర్థమైంది. తప్పుల లెక్క సున్నా అని గొప్పగా చెప్పుకునే విభాగం కనిపిస్తే నేను ముందు అక్కడి మీటింగు చూస్తాను.

నడిపేవారి కోసం ఒక్క మాట. ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో చూసింది, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు చెప్పుకోవడానికి చిన్నవి, పాతికమంది ముందు నిలబడితే చాలా పొడవు. నేను మనసులో లెక్కపెట్టుకుంటాను. స్టోర్స్ ఆవిడ ప్రశ్న అలాంటి విరామంలోంచే వచ్చింది.

సెషన్ అయ్యాక ఇచ్చే అభిప్రాయ పత్రాలు నాకు పెద్దగా పనికిరావు. చాలా బాగుంది అనే రాస్తారు. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ వస్తానని, హాలుకు కాకుండా షిఫ్టు మారే చోటికి వస్తానని ముందే మాట తీసుకుంటాను. అలా వెళ్లినప్పుడు ఆ స్టోర్స్ ఆవిడ ఫోన్లో ఆర్డరు రాసుకుంటోంది. ఇరవై అన్నా అరవై అన్నా ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి, “ఆరు సున్నా, అరవై పెట్టెలు, అంతే కదండీ?” అని తిరిగి అడిగి, అవును అన్నాకే పెన్ను కింద పెట్టింది. షిఫ్టు అప్పగింత రిజిస్టరులో ‘తిరిగి చెప్పినవారు’ అని కొత్త గడి ఒకటి గీసుకున్నారు. పగటిపూట వరసలు నిండి ఉన్నాయి. రాత్రి షిఫ్టు వరసల్లో చాలావరకు ఖాళీ. అడిగితే, ఆ వేళకు యంత్రాల మోతలో ఏం చెప్పినా వినిపించదన్నారు, సెషన్‌కు కూడా రాత్రివాళ్లను పిలవలేదట. తర్వాతి విడత వాళ్లతోనే, వాళ్ల షిఫ్టు మొదలయ్యే వేళకు, మోత వినపడని అప్పగింత చోటు ఒకటి వెతుక్కోవడంతో మొదలుపెడదామని ప్లాంట్ మేనేజర్‌కు రాశాను. నాలుగు ముక్కల్లోనే రాశాను. ఒప్పుకున్నారు.